గట్టుబాట మీద పిలుపులు మాన్పించి బెల్లులు పెట్టించమని

నడిమిపాళెం,
8-9-2003, సోమవారం.

మండల అభివృద్ధి అధికారి గారి సముఖమునకు,

వడమాలపేటకు ఈవల నడిమిపాళెం గ్రామంలో కాపురం ఉంటున్న, కీర్తిశేషులు గోవిందస్వామి గారి భార్య శకుంతలమ్మ, వయసు యాభై, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా ఊరి కాలవ గట్టు మీది బాటలో సైకిళ్లవారు దారి కోసం స్వామివారి పేరు పిలవడం మాన్పించి బెల్లులు పెట్టించుట గురించి, మరియు పాల చెంగయ్య నన్ను దాటుకొని ముందుకు పోవునట్లు ఉత్తర్వు ఇచ్చుట గురించి.

నేను పుత్తూరులో ఎస్సెస్సెల్సీ వరకు చదివినదానను. అర్జీ పెట్టడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించవలెను. పైన నా భర్త పేరు రాశాను. రాయగలను గాని, పెళ్లయిన నాటి నుండి ఆ పేరు నోటితో పలకలేదు. మా పక్క ఆడవారికి ఆ అలవాటు లేదు. విచారణలో ఈ కాగితం నన్నే చదవమంటే, ఆ ఒక్క మాట దగ్గర తమ గుమస్తా గారు సాయం చేయవలెనని ముందుగా మనవి చేసుకుంటున్నాను.

1. మెయిన్ రోడ్డు వెడల్పు చేసే పని మొదలైనప్పటి నుండి, లారీలకు భయపడి నడిచేవారందరూ కాలవ గట్టు ఎక్కారు. ఊరివారు శ్రమదానం చేసి, తుమ్మకంపలు కొట్టి, ఎర్రమన్ను పోసి గట్టును బాటగా చేశారు. మా ఆయన కూడా గంపతో మన్ను మోశారు. రెండు కొసలలోనూ బండరాయి మీద 'నడిచేవారికి, సైకిళ్లకు మాత్రమే' అని సున్నంతో రాయించారు. మేలైన పని. బాట మీద నాకు ఫిర్యాదు లేదు. అయితే నడిచేవారు ఏ పక్కన పోవాలో, సైకిళ్లు ఏ పక్కన పోవాలో, ఇరుకులో ఎవరు ఎవరికి ఆగాలో ఆ రాతి మీద రాయలేదు. ఒక పక్క కాలవ, ఒక పక్క రాళ్లు పేర్చిన వాలు. నడుమ ఉన్న జాగా ఒక సైకిలుకు, ఒక మనిషికి చాలుతుంది. తూము దగ్గర అదీ చాలదు.

2. పాలవారు సైకిలుకు రెండు పక్కలా క్యాన్లు కడతారు. క్యాన్లు ఎంత బయటికి వచ్చాయో ఎక్కినవారికి తెలియదు, తగిలినవారికి తెలుస్తుంది. గడ్డిమోపులవారికి ముందు దారి కనిపించదు. హైస్కూలు ఆడపిల్లలు ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసుకొని బాట నిండుగా నడుస్తారు. వారిని ఏమనడానికీ మనసొప్పదు. అరవదేశం నుండి కొండకు నడిచిపోయే పసుపుబట్టల భక్తులు కాళ్లలో ముళ్లు తీసుకోవడానికి బాట నడుమే కూర్చుంటారు. పోయిన ఏడు ఒకామెకు "పక్కకు కూర్చోమ్మా, సైకిళ్లు వస్తాయి" అని చెబితే, "కాళ్లు నా మాట వినలేదమ్మా, ఈడే కూలబడినాయి" అని నవ్వింది. ఆమె కాళ్ల బొబ్బలు చూసి నేనూ పక్కన కూర్చున్నాను. నేనూ తప్పు చేసినట్టే. ఇవన్నీ చెబితే సర్దుకొనే సంగతులు. అసలు సంగతి కిందిది.

3. బాట వేసిన మొదటి ఏడు, స్వామివారికి మొక్కులు తీర్చే పెరటాసి నెలలో భక్తులు గుంపులు గుంపులుగా గోవింద నామం చెబుతూ పోతుంటే సైకిలు బెల్లు ఎవరికీ వినిపించేది కాదు. అప్పుడు మా ఊరి పెద్ద పరంధామయ్య గారు గట్టు మీద నిలబడి, "బెల్లు ఎందుకప్పా కొడతారు? స్వామి పేరు పిలవండి. దారీ దొరకతాది, పుణ్యమూ దొరకతాది" అన్నారు. అందరికీ నచ్చింది. నాకూ నచ్చిందని ఒప్పుకుంటున్నాను.

నెల గడిచింది, భక్తులు పోయారు. పిలుపు నిలిచిపోయింది. సైకిళ్లకు బెల్లులు తుప్పు పట్టాయి. కొత్త సైకిలు కొన్నవారు కూడా బెల్లు ఊడదీసి పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చారు. ఇప్పుడు గట్టు మీద ఎవరిని దాటాలన్నా గోవిందా అనాలి. పాలవారు 'గోయిందా' అంటారు. కాలేజీ పిల్లలకు అంత ఓపిక లేదు, 'గోయ్' అంటారు. తవుడు మూటలు తోలే దామోదరానికి కోపం వస్తే, "గోయిందా! గోయిందా! ఏం, సెవుడా మీకు?" అంటాడు. భక్తులకేమో ఆ మాట వినిపిస్తే చేతులెత్తి తిరిగి నామం చెప్పి అక్కడే నిలబడడం అలవాటు. "నేను దారి అడగతాంటే నాకు దండం పెడతాండారు గదబ్బా!" అని దామోదరమే ఒకనాడు తల కొట్టుకున్నాడు. ఆ రోజు అందరమూ నవ్వాము.

4. నా భర్తకు ఆ పేరు మా అత్తగారు మొక్కుకొని పెట్టారు. బాట మీద ఎవరు పిలిచినా ఆయన వెనక్కి తిరిగి, "ఏమప్పా?" అనేవారు. "నిన్ను కాదన్నా, దారి!" అనేవారు సైకిలువారు. కొందరు కావాలనే పిలిచి, తిరిగేదాకా పిలిచి, నవ్వుకుంటూ పోయేవారు. ఆయనకు కోపం రాదు. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటూ నన్ను ఎత్తిపొడిచేవారు.

"దావన పోయే ప్రతివాడూ నన్ను పేరు పెట్టి పిలస్తాండాడు. ఇంట్లో ఒకామె మాత్రం ఇంతవరకూ పిలవలా."

"పిలవకనే అన్నానికి వస్తాండావు గదా" అనేదానిని.

"'ఇదో, ఇదో' అంటావు. రేషన్ కార్డులో గూడా 'ఇదో' అనే రాపిస్తా ఉండు."

నేను స్వామిని కూడా ఆ పేరుతో పిలవలేదు. భజనలో అందరూ ఆ నామం చెప్పేటప్పుడు నేను ఏడుకొండలవాడా అనుకునేదానిని. స్వామి దాన్ని తప్పు పట్టినట్టు నాకు ఎన్నడూ తోచలేదు.

మా అమ్మాయి ధరణికి ఈ తిరగడం భయంగా ఉండేది. "నాయనా, ఎవరు పిలిచినా వెనక్కి తిరగొద్దు. ఎడమ పక్కకు జరిగి నిలబడు, వాళ్లే పోతారు" అని చెప్పింది. కూతురు మాట కాబట్టి విన్నారు. మొదట్లో మరిచిపోయేవారు, తర్వాత పూర్తిగా అలవాటైంది. పోయిన ఏడు పెరటాసి నాటికి ఎవరు ఎంత గట్టిగా పిలిచినా ఆయన తల తిప్పేవారు కాదు. నేరుగా పక్కకు జరిగేవారు. ఈ సంగతి తమరు ముఖ్యంగా గమనించవలెను.

5. పోయిన పెరటాసి మూడో శనివారం, తళిగ వేయడానికి అప్పలాయగుంట గుడికి బయలుదేరాము. ఆకులో అన్నం, పప్పు, వడలు స్వామి ముందర పెట్టి మొక్కుకోవడం మా ఇంటి ఆచారం. ఆయన ముందు గంప ఎత్తుకొని నడుస్తున్నారు. కొంచెం వెనగ్గా నేను నెయ్యి చెంబు పట్టుకొని నడుస్తున్నాను. తెల్లవారి వెలుతురు బాగానే ఉంది. తూము దగ్గర నీటి హోరు ఎక్కువ.

నా వెనకే క్యాన్లు కొట్టుకున్న చప్పుడు వినిపించింది. రాళ్ల పక్కకు ఒరిగాను. చెంగయ్య సైకిలు నన్ను రాసుకుంటూ ముందుకు పోయింది. క్యాను నా మోచేతికి తగిలి చెంబు పడింది. ఆయన బాట నడుమ నడుస్తున్నారు. ఆయనకు ఏమీ వినిపించినట్టు లేదు.

అప్పుడు గోవిందా అన్న పిలుపు వినిపించింది. ఒక్కసారే. చెవిలో పిలిచినంత దగ్గరగా వినిపించింది.

ఆయన తిరిగారు. పక్కకు జరగలేదు. ఒళ్లంతా తిప్పి పూర్తిగా వెనక్కి తిరిగారు. ఎన్నో ఏండ్ల తర్వాత ఇంటికి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు ముఖం పెట్టారు. నాకు అంతవరకే తెలుసు. క్యాను నడుముకు తగిలింది. రాళ్ల మీదుగా కిందికి పడ్డారు.

ఆటోలో తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోయేటప్పుడు ఆయన తల నా ఒడిలో ఉంది. స్పృహ ఉంది.

"నన్ను పిలిచినారే, ఎవరు?" అన్నారు.

"మాట్లాడొద్దు" అన్నాను.

"ఎవరో కనుక్కో" అన్నారు.

ఆసుపత్రి గేటు చేరకముందే పోయారు. ఆయన నాకు చెప్పిన చివరి పని అది. ఇంతవరకు చేయలేకపోయాను.

6. చెంగయ్యను పరంధామయ్య గారి ఇంటి ముందర నిలబెట్టి అడిగారు. పోలీసు కేసు వద్దని నేనే చెప్పాను. నేను లోపల తలుపు పక్కన కూర్చుని విన్నాను.

"పిలిచినా అని చెప్పప్పా" అన్నారు పరంధామయ్య గారు. "నువ్వు పిలిచినావు, ఆయన తిరిగినాడు. దాంట్లో నీ తప్పేముండాది?"

"నేను పిలవలా అన్నా. నోట్లో యాపపుల్ల ఉన్నింది. దాన్ని తీసే లోపల అంతా అయిపోయింది."

"మరెవరు పిలిచినారు? శకుంతలమ్మ తన చెవులతో విన్నాది గదా!"

చెంగయ్య తల వంచుకున్నాడు. "నేను పిలవలా. అంతే" అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. పిలిచానని అబద్ధం చెబితే అతనికే మేలు. చెప్పలేదు. అందుకే అతని మాట నేను నమ్మాను.

అప్పుడు ఊరివారంతా కలిసి ఒక నిర్ణయానికి వచ్చారు. పిలిచింది స్వామే అన్నారు. మూడో శనివారం, తళిగతో పోతుండగా, పేరు పెట్టి పిలుచుకున్నాడు, ఇంతకంటే ఏం కావాలి అన్నారు. నాకు దండం పెట్టినవారు కూడా ఉన్నారు. నేను స్వామిని నమ్మినదానను. స్వామి పిలిస్తే పంపించనని అనేదానిని కాను. కానీ పిలిచింది స్వామి అయితే, ఎవరని ఆయన నన్నెందుకు అడుగుతారు? ఈ ప్రశ్న పరంధామయ్య గారిని అడిగాను. "అట్లాంటివి అడక్కూడదమ్మా" అన్నారు.

ఆయనను కాటికి కూడా గట్టు మీదనే తీసుకుపోయారు. ఆడవారం వీధి చివర ఆగిపోయాము. మోసేవారు గోవిందా గోవిందా అంటున్నారు. వెనక నుండి విషయం తెలియని సైకిలువాడెవరో దారి కోసం గోవిందా అన్నాడు. మోసేవారు అది కూడా నామమే అనుకొని తిరిగి పలికారు. అతను మళ్లీ పిలిచాడు, వీరు మళ్లీ పలికారు. ఎవరూ దారి ఇవ్వలేదు. చాలా దూరం వరకు అలాగే వినిపించింది.

మా ఇల్లు గట్టుకు దిగువనే ఉంది. ఏడాదిగా పొద్దు పొడిచిన కాడి నుండి పొద్దు గూకే వరకు గట్టు మీద ఆయన పేరు పిలుస్తూనే ఉన్నారు. బియ్యం కడుగుతుంటే పిలుస్తారు. దీపం పెడుతుంటే పిలుస్తారు. ఎవరూ పలకరు. పలికే మనిషి లేడని కొత్తగా వచ్చేవారికి తెలియదు, పాతవారు మరిచిపోయారు. ఒక్కొక్క పిలుపు మిగిలిన వాటిలా ఉండదు. దాని వెనక చక్రాల చప్పుడు ఉండదు. బయటికి వచ్చి చూస్తే గట్టు మీద ఎవరూ ఉండరు. నేను ఉలికిపడి ఎడమ పక్కకు జరుగుతాను. వంటింట్లో ఉన్నా జరుగుతాను. మా అమ్మాయి చూసి ఏడ్చింది.

ఎవరు పిలిచారో కనుక్కోమని ఆయన చెప్పారు. ఇన్ని పిలుపుల నడుమ ఆ ఒక్క పిలుపును నేను ఎట్లా వెతకను? బెల్లు మోగితే అది సైకిలు. పేరు వినిపిస్తే అది పేరు. రెండూ ఒకటిగా కలిసిపోవడమే ఆ బాట మీద ప్రమాదమని తమకు విన్నవించుకుంటున్నాను.

7. ఆనాటి నుండి చెంగయ్య నన్ను దాటిపోవడం లేదు. గట్టు మీద నేను కనిపిస్తే సైకిలు దిగి, నెట్టుకుంటూ నా వెనకే నడుస్తాడు. వెనక చక్రం టిక్కు టిక్కుమంటూ వస్తుంది. నేను ఆగితే ఆగుతుంది. నడిస్తే నడుస్తుంది.

"పో చెంగయ్యా, పాలు విరిగిపోతాయి" అంటాను.

"పోనీలేక్కా. నువ్వు నడువు" అంటాడు.

పాలకేంద్రం బండి వెళ్లిపోయి, పాలు తిరిగి ఇంటికి తెచ్చుకున్న రోజులు ఉన్నాయి. అతని భార్య నిర్మలమ్మ మా గడపలోకి వచ్చి నిలదీసింది.

"అక్కా, నువ్వన్నా ఇంట్లో ఉండు, లేకుంటే నా మొగుణ్ణన్నా పోనీ."

"నేను పట్టుకున్నానా నిర్మలమ్మా?"

"పట్టుకోకుండానే పట్టుకున్నావు" అని గడప మీదే కూర్చుని ఏడ్చింది. నేను కాఫీ పెట్టి ఇచ్చాను. తాగి పోయింది.

చంపినవాడే వెంటపడుతున్నాడని తెలియనివారు అంటారు. నాకు అతని మీద కోపం లేదు. ఒక్క మాట చెప్పగలను. ముందు నడిచే మనిషి లేడు, వెనక ఆ చక్రం ఆగదు. ఈ రెంటి నడుమ నేను గుడికి పోవడం తగ్గించుకున్నాను. మూడో శనివారం ఈసారి ఎట్లా పోవాలో తెలియడం లేదు.

కావున తమరు దయతో,

గట్టు మీద తిరిగే ప్రతి సైకిలుకు బెల్లు తప్పనిసరి చేయవలెను. నడిచేవారు ఎడమన, ఒకరి వెనక ఒకరు నడవాలని, సైకిళ్లవారు దూరం నుండే బెల్లు కొట్టి, తూము దగ్గర మాత్రం దిగి నడిపించుకు పోవాలని ఆ బండరాళ్ల మీద రాయించవలెను. దారి కోసం స్వామి పేరు పిలవరాదని కూడా రాయించవలెను. "అమ్మా, తిరుపతికి పోయే దావలో గోవింద నామం వద్దని అర్జీ పెడితే నిన్ను ఏమనుకుంటారు?" అని మా అమ్మాయి అడిగింది. భక్తులు నామం చెప్పుకోవడానికి నేను అడ్డు కాను, వారి వెనకే నడిచినదానను. పక్కకు తప్పుకోమని చెప్పడానికి మాత్రం ఆ పేరు వద్దంటున్నాను. సున్నం, కుంచె నేను తెచ్చి ఇవ్వగలను.

పాల చెంగయ్యను తమ సముఖానికి పిలిపించి, నన్ను దాటి పోవచ్చునని, పోవలసిందని తాఖీదు ఇవ్వవలెను. నా మాట వినడం లేదు. సర్కారు మాట వింటాడు.

పెరటాసి నెల పుట్టబోతోంది. నడిచేవారు మళ్లీ గట్టు ఎక్కేలోగా ఈ సంగతులు దయతో చిత్తగించవలెను. ఆలస్యమైనా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
శకుంతలమ్మ.

పునశ్చ మనవి: ఈ కింది మాటలు తమ కార్యాలయం వరండాలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. వేరే కాగితం లేదు. అక్షరాలు వంకరగా ఉంటే మన్నించవలెను.

పొద్దున ఈ అర్జీ మడిచి కొంగున ముడి వేసుకొని, గట్టు మీదనే బయలుదేరాను. చెంగయ్య ఎప్పటిలాగే వెనక చేరాడు. తమ తాఖీదు వచ్చేదాకా ఆగడం ఎందుకు, నేనే దారి ఇచ్చి చూద్దామనిపించింది. తూము దాటి, కాలవ పక్కకు జరిగి నిలబడి, పొమ్మన్నాను. కదలలేదు.

"ఏం చెబితే పోతావు చెంగయ్యా?" అన్నాను.

అందరూ పిలిచే పిలుపు పిలిస్తేనన్నా కదులుతాడేమో అనుకున్నాను. స్వామిని మన్నించమని, ఆయనను మన్నించమని మనసులో అనుకొని, కళ్లు మూసుకుని పిలిచాను. గోవిందా అని. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

క్యాన్లు పడిన చప్పుడుకు కళ్లు తెరిచాను. సైకిలు బాటకు అడ్డంగా పడి ఉంది. పాలు ఎర్రమన్ను మీద పారుతున్నాయి. చెంగయ్య వాటిని చూడడం లేదు. నన్ను చూస్తున్నాడు.

"మళ్లా పిలిచినావేక్కా" అన్నాడు.

"మళ్లా ఏంది? నేను ఎన్నడు పిలిచినాను?"

"ఆ పొద్దు."

"ఏ పొద్దు?"

"నా సైకిలు అన్న మీదికి పోతాంటే నువ్వే గదక్కా అరిచినావు. పేరు పెట్టి. ఇదే గొంతు. నీకు తెలుసనుకొంటి."

నేను ఏమన్నానో గుర్తు లేదు. నేనా, అన్నట్టున్నాను.

"నువ్వే. అన్న నిన్ను సూసేదానికే తిరిగినాడు. నా సైకిలును సూడనే లేదు. నేను ఎదురుగా ఉండాను గదా, ఆ మొగం నేను సూసినా. నీ పక్కే సూస్తాండాడు."

"ఇంతకాలం ఎందుకు చెప్పలేదు?"

"అందరూ నువ్వు పిలిచినావా, నువ్వు పిలిచినావా అని నన్నే అడిగినారు. నేను పిలవలా అంటి. ఎవరు పిలిచినారంటే, పదిమంది ముందర నీ పేరు ఎట్ట చెప్పేది? స్వామి అన్నారు. సరే, అట్లే పోనీ అనుకొంటి. నీకు మాత్రం చెప్పాల గదా. యాడన్నా నువ్వే అడగతావని వెనకాలే వస్తాంటి."

నేను గట్టు మీద కూర్చున్నాను. అతను నిలబడే ఉన్నాడు. కొంతసేపటికి పాలు ఇంకిపోయి మన్ను మళ్లీ ఎర్రగా అయింది. ఇంక పో చెంగయ్యా అన్నాను. ఖాళీ క్యాన్లు కట్టుకొని, సైకిలు ఎక్కి, నన్ను దాటి పోయాడు. మలుపు తిరిగేదాకా చూశాను. వెనక్కి చూడలేదు.

కాబట్టి ఏడవ అంశం కొట్టివేయవలెను. అతని మీద ఏ తాఖీదూ వద్దు. ఆరవ అంశంలో ఆ పిలుపును వెతకడం గురించి రాసినదీ కొట్టివేయవలెను. ఊరివారు స్వామి అనుకుంటున్నారు, వారిని అట్లాగే ఉండనివ్వవలెను. బెల్లుల సంగతి మాత్రం కొట్టివేయవద్దు.

ఆయన ఎందుకు తిరిగారో తెలిసింది. ఆయన చెప్పిన పని కూడా అయింది, ఇక జవాబు చెప్పడం ఒక్కటే మిగిలింది. ఇంటికి పోయేటప్పుడు తూము దగ్గర కాసేపు నిలబడి, పిలిచింది నేనేనని చెప్పి పోతాను. తమ అధికారంలో ఉంటే, ఆ కాసేపు గట్టు మీద ఎవరూ ఏ పేరూ పిలవకుండా చూడవలెను.